కూర్చోబెట్టిన సుల్తాను

మా డిగ్రీ పాఠ్యపుస్తకంలో ఒక సెల్జుక్ తుర్కు సుల్తానుకు ఒక పేజీ ఇచ్చారు. పేజీ నిండా పొగడ్తలే. మీసాలు రాకముందే ఒక అన్న ఆయన చేతికి ఖురాసాన్ దేశాన్ని అప్పగించాడట. ఇంకో అన్న పోయాక ఆ అన్న కొడుకునే ఓడించి తను పెద్ద సుల్తాను అయ్యాడట. మెర్వ్ నగరంలో కూర్చుని నలభై ఏళ్ళు ఏలాడట. కొలువు నిండా కవులు, పండితులు, నక్షత్రాల లెక్కలు కట్టేవాళ్ళు. చివర్న ఒకే ఒక్క వాక్యం: కృతఘ్నులైన అనాగరిక తెగలు తిరగబడటంతో ఆ మహా వైభవం అంతమైంది.

ఆ వాక్యం చదివితే నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద కృతజ్ఞత ఉండాలి, దేనికి ఉండాలి అని మా లెక్చరర్‌ను లేచి అడిగాను. పరీక్షకు అంత లోతు అక్కర్లేదు, కూర్చోమన్నాడు. క్లాసంతా నవ్వింది. నవ్వని ఒకరిద్దరు నావైపు తిరిగి చూశారు. ఆ గదిలో అడవి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నేనని వాళ్ళకు తెలుసు.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. ఆ సుల్తాను పేరు నేను రాయను. రాజుల పేర్లు రాయడానికి ఎప్పుడూ మనుషులు దొరుకుతూనే ఉన్నారు. మా గూడెంలో ఎవరి పేరూ ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు కాబట్టి, ఇందులో మావాళ్ళ పేర్లూ ఉండవు, ఆయనదీ ఉండదు. ఇక్కడ అందరం సమానమే.

మాది దమ్మపేట అవతల, పంట పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న కోయ గూడెం. ఎనభైల మొదట్లో నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీఏ చదివేదాన్ని. సెలవులకు తల్లాడలో బస్సు మారి, దమ్మపేటలో దిగి, అక్కడి నుంచి నడిచి ఇల్లు చేరేదాన్ని. ఇంట్లో మేం మాట్లాడేది కోయ మాట. అమ్మ అన్నవన్నీ ఇక్కడ తెలుగులో చెబుతున్నాను గానీ, ఆమె కోయలో అన్నప్పుడు ఇంకా కారంగా ఉండేవి.

కృతఘ్నులు అన్న మాట నన్ను వదల్లేదు. కాలేజీ లైబ్రరీలో ఎవరూ తియ్యని ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, సుల్తాను చివరి ఏళ్ళు చదివాను. సంగతి అసలు గొర్రెల దగ్గర మొదలైంది. బల్ఖ్ అనే నగరం చుట్టుపక్కల గడ్డి నేలల్లో గొర్రెలు కాచుకునే తెగలు కొన్ని ఉండేవి. ఏటా సుల్తాను వంటశాలకు వాళ్ళు గొర్రెలు పంపాలి. వాటిని తీసుకెళ్ళడానికి వచ్చినవాడు ఇది బక్కది, అది ముసలిది అని ఏరుతూ, లంచం అడుగుతూ, నోటికొచ్చినట్టు తిడుతూ ఉండేవాడు. ఒకరోజు వాళ్ళకు విసుగెత్తి వాణ్ణి చంపేశారు. బల్ఖ్ అధికారి వాళ్ళను నాకు అప్పగించండి, ఇంకా ఎక్కువ గొర్రెలు రాబడతానని సుల్తానుకు ఆశ పెట్టి వాళ్ళ మీదికి వెళ్ళాడు. వాడూ పోయాడు, వాడి కొడుకూ పోయాడు.

అప్పుడు సుల్తానే సైన్యంతో బయలుదేరాడు. గొర్రెల కాపరులు తప్పయిందన్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకొచ్చి దారిలో నిలబడ్డారు. ఇంటింటి నుంచి వెండి తెచ్చిస్తామన్నారు. ముసలి సుల్తాను మనసు కరిగిందట. పక్కనున్న సర్దార్లు మాత్రం ఇప్పుడు వెనక్కి తిరిగితే పరువు పోతుందని ఆయన్ని ముందుకే నెట్టారు. యుద్ధం జరిగింది. సైన్యం చెల్లాచెదురైంది, సుల్తాను దొరికిపోయాడు. నన్ను ఎక్కువగా కుదిపింది ఇంకోటి. ఆ సుల్తాను తాతముత్తాతలు కూడా అవే గడ్డి నేలల్లో గొర్రెలు కాచుకున్నవాళ్ళే. అదే జాతి. మధ్యలో కొన్ని తరాల సింహాసనం వచ్చింది, అంతే.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికెళ్ళి ఈ కథంతా ఆడవాళ్ళకు చెప్పాను. ఇప్పపువ్వు ఎండబోసుకుంటూ విన్నారు. తుర్కుల దేశం ఎక్కడుందో వాళ్ళకు తెలీదు, నాకూ సరిగ్గా తెలీదు. గొర్రెలు ఏరేవాడి దగ్గరికి రాగానే మాత్రం మా మేనత్త ఆపి, వాడు గొర్రె వీపు చేత్తో ఒత్తి చూసేవాడా అని అడిగింది. అందరూ ఒక్కసారే నవ్వారు. మా ఫారెస్టు గార్డు కోళ్ళకు వచ్చినప్పుడు అలాగే చేసేవాడు. రెక్కలు పట్టి ఎత్తి, రొమ్ము ఒత్తి చూసి, బక్కదైతే కింద పడేసి ఇంకో ఇంటికి పోయేవాడు. వాడూ మా కోయపిల్లవాడే, పక్క గూడెం వాడే. ఖాకీ చొక్కా వచ్చాక కోడి బరువు చేతికి తెలియడం మొదలైంది. వాడు కనిపిస్తే మేనత్త అల్లుడూ అని పిలిచేది, వాడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

సుల్తానును పట్టుకున్నాక కాపరులు ఏం చేశారో చెప్పినప్పుడు మాత్రం వాళ్ళు నా మాట నమ్మలేదు. వాళ్ళు ఆయన ముందు నేలకు వంగి దండం పెట్టారు, మేం నీ బంట్లమే అన్నారు, పగలంతా సింహాసనం మీద కూర్చోబెట్టేవారు, రాత్రయితే ఇనుప బోనులో పెట్టేవారు. మూడేళ్ళు అలాగే ఉంచారు. మేనత్తకు ఇది మరీ పిచ్చిపనిగా తోచింది. పట్టుకున్నవాణ్ణి మళ్ళీ గద్దె ఎక్కించడమేంటని విసుక్కుంది. మా పుస్తకాలు కూడా అదే అంటాయి: వీళ్ళు అనాగరికులు, రాజు దొరికితే ఏం చెయ్యాలో కూడా తెలీనివాళ్ళు. అమ్మ మాత్రం పువ్వు తిరగేస్తూ, ఆ బోను సంగతి పక్కనపెట్టి, సింహాసనం మీద ఉన్నప్పుడు ఆయన ఎవరికైనా నేను ఖైదీనని చెప్పుకున్నాడా అని అడిగింది. చెప్పుకున్నట్టు పుస్తకంలో లేదన్నాను.

మాకు వాలు మీద ఒక పోడు చేను ఉంది. తాత అడవి కొట్టి చేసిన చేను. జొన్న, సామ, కంది కలిపి చల్లేవాళ్ళం. ఏడాదిలో మేం తినే గింజలో సగం పైన అక్కడి నుంచే వచ్చేవి. నా హాస్టల్ మూటలో ఉన్న జొన్నపిండి కూడా అక్కడిదే. ఆ వాలంతా ఫారెస్టువాళ్ళు జామాయిల్ మొక్కలు నాటుతారని అంతకు ముందు ఏడాది నుంచే మాట పుట్టింది. వాగుకు అవతల ఒక గూడెం చేలు అప్పటికే జామాయిల్ అయిపోయాయి. ఆ తోట కింద గడ్డి కూడా మొలవదు.

ఆ సెలవుల్లోనే భూమి పండుగ వచ్చింది. విత్తనం చల్లేముందు మేం చేసే పండుగ అది. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయేవాళ్ళను ఆపుతారు. ఏదో ఒకటి చేతిలో పెట్టాలి, లేదా మాతో ఒక చుట్టు ఆడాలి, అప్పుడు తాడు దించుతాం. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాడి నెత్తిన పేడనీళ్ళు పోస్తాం. ఆ కొన్ని రోజులు గూడెం ఆడవాళ్ళదే.

మగవాళ్ళు ఉండరని తెలిసే ఆ రోజు ఎంచుకున్నారని ఇప్పటికీ నా నమ్మకం. పొద్దున్నే జీపు వచ్చింది, వెనక ట్రాక్టరు. జీపులో రేంజర్ సారు, మా గార్డు. ట్రాక్టరు నిండా నల్ల కవర్లలో జామాయిల్ మొక్కలు, వాటి మీద గడ్డపారలు పట్టుకుని మైదానం ఊళ్ళ నుంచి తెచ్చిన కూలీలు. తాడు దగ్గర జీపు ఆగింది. రేంజర్ మంచి మనిషిలాగే ఉన్నాడు. పండుగ సంగతి తెలుసు, నవ్వుతూ జేబులోంచి నోటు తీశాడు.

అమ్మ ఆ నోటు తీసుకోలేదు. చేతులు రెండూ జోడించి, సారు లాంటి పెద్దమనిషి పండుగ నాడు వస్తే పైసలు పుచ్చుకోవడం మాకు పాపమంది. అలాంటివాళ్ళు వస్తే మగవాళ్ళు వేట నుంచి తిరిగొచ్చి తమ చేత్తోనే తాడు దించాలట, అప్పటిదాకా చుట్టంగా కూర్చోబెట్టి మర్యాద చెయ్యాలట. అలా చెయ్యకుండా పంపితే వాన పడదట.

నేను పుట్టి పెరిగిన గూడెంలో అలాంటి ఆచారం లేదు. అది ఆ క్షణంలో, ఆ తాడు పక్కన పుట్టింది. మేనత్త కళ్ళు పెద్దవయ్యాయి, మరుక్షణం ఆమె కూడా చేతులు జోడించింది. రేంజర్‌కు అనుమానం వచ్చి గార్డు వైపు తిరిగి, ఇది నిజంగా మీ ఆచారమేనా అని అడిగాడు.

వాడొక్కడు లేదు సార్ అంటే చాలు, తాడు తెగుతుంది, సాయంత్రానికి తాత చేనులో గుంతలుంటాయి. గార్డు అమ్మను చూశాడు. మేనత్తను చూశాడు. ఆమె ఆ పూట అల్లుడూ అని పిలవలేదు.

"అవ్ సార్," అన్నాడు వాడు. "పెద్ద సార్లకు గట్లనే చేస్తరు మావోళ్ళు."

మావోళ్ళు అన్నాడు. ఖాకీ వేసుకున్నాక వాడి నోట ఆ మాట అదే మొదటిసారి వినడం.

మా ఇంటి నులక మంచం తెచ్చి మామిడి చెట్టు నీడన వేశారు. దాని మీద కొత్త దుప్పటి పరిచారు. రేంజర్ మెడలో అడవి పూల దండ వేశారు. కుండలో చల్లనీళ్ళు, ఆకు దొప్పలో తాటికల్లు, తర్వాత కోడికూర, జొన్న సంకటి. కోడి కోసేముందు మేనత్త దాన్ని గార్డు చేతికిచ్చి, రొమ్ము ఒత్తి చూసుకొమ్మంది. వాడు తల దించుకున్నాడు. చుట్టూ ఆడవాళ్ళు పాట అందుకుని ఆడటం మొదలుపెట్టారు. పాట ఆగదు, తాడు దిగదు, మర్యాద తగ్గదు. రేంజర్ లేచినప్పుడల్లా నలుగురు దండాలు పెట్టి మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళు. లోపల భయం లేదని చెప్పను. అధికారిని ఆపినందుకు కేసు పెడితే గూడెమంతా కోర్టు చుట్టూ తిరగాలి. అమ్మను పక్కకు లాగి అదే అన్నాను.

"ఏమని రాస్తడు బిడ్డా కేసు?" అంది అమ్మ. "పూలదండ ఏసిన్రు, కోడికూర పెట్టిన్రు అని రాస్తడా? కొడితే చెప్పుకుంటడు, తిడితే చెప్పుకుంటడు. కూసోబెట్టి దండం పెడితే ఎవలకని చెప్పుకుంటడు?"

అప్పుడు నాకు అర్థమైంది. ఇప్పపువ్వు తిరగేస్తూ ఆమె అడిగిన ప్రశ్న ఇదే. ఏడెనిమిది వందల ఏళ్ళుగా పుస్తకాలు తెలివితక్కువతనం అని రాస్తూ వచ్చినదాన్ని మా అమ్మ ఒక్క మధ్యాహ్నంలో చదివేసింది. అవమానిస్తే రాజు పగ పెంచుకుంటాడు. గౌరవిస్తే, పగ పట్టాలన్నా ముందుగా తనను తాను ఖైదీ అనుకోవాలి, అది ఏ రాజూ ఒప్పుకోడు. ఆ కాపరులు రాజును చూసి బెదిరి దండం పెట్టలేదు. బెదిరి పెట్టారని రాసినవాళ్ళెవరూ ఎప్పుడూ గొర్రె ఇచ్చుకున్నవాళ్ళు కారు.

చదువుకున్న పిల్లవని నన్ను సారుకు తోడు కూర్చోబెట్టారు. ఏం చదువుతున్నావని అడిగాడు. హిస్టరీ అన్నాను. హిస్టరీలో ఏముందన్నాడు. ఉన్నది చెప్పాను. గొర్రెల దగ్గర నుంచి మొదలుపెట్టాను. వంటశాల దాకా బాగానే నవ్వాడు. ఆడవాళ్ళు పిల్లలతో దారిలో నిలబడటం, సర్దార్లు వెనక్కి తిరగనివ్వకపోవడం చెబుతుంటే నవ్వు తగ్గింది. సింహాసనం దగ్గరికి వచ్చేసరికి మెడలో దండను చేత్తో తడిమి, తాడు వైపు చూసి, మంచం మీద కొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

"తర్వాత ఏమైంది ఆ సుల్తానుకు?" అని అడిగాడు.

రాణి కూడా వాళ్ళ దగ్గరే ఉండటంతో ఆమె చనిపోయేదాకా ఆయన కదల్లేదని చెప్పాను. ఆ తర్వాత ఒకరోజు వేటకు తీసుకెళ్తే అక్కడి నుంచి తప్పించుకుని నది దాటాడు.

"ఇక్కడ వేటకు పోయింది మీరు కాదు సార్," అన్నాను. "మావోళ్ళు."

ఆయనకు కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో నాకు తెలీలేదు. సుల్తాను నగరం మెర్వ్ ఏమైందని మెల్లగా అడిగాడు. దాచలేదు, చెప్పాను. ఆ కాపరులే ఊళ్ళు దోచారు, పండితుల్ని చంపారు, సుల్తాను తిరిగొచ్చి పాడుపడిన నగరాన్ని చూసి ఎక్కువ కాలం బతకలేదు. ఆయన సమాధి గుమ్మటం ఇప్పటికీ నిలిచే ఉందట. మంచివాళ్ళు గెలిచారని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఆడవాళ్ళు దారిలో నిలబడ్డప్పుడు వెనక్కి తిరిగి ఉంటే ఇవేవీ జరిగేవి కావని మాత్రం చెప్పాను.

మేం ఇక్కడ మాట్లాడుకుంటూ ఉండగానే సగం మంది ఆడవాళ్ళు పాటలోంచి ఒక్కొక్కరే జారుకున్నారు. పండుగకు పూజ చేసిన విత్తనం గంపలకెత్తుకుని వాలెక్కారు. వాన ఇంకా పడలేదు, పొడి నేలే. అయినా చల్లారు. మా చేను, పక్క చేలు, ఆ వాలంతా చల్లి, గుంటకతో మట్టి కప్పి వచ్చారు. ట్రాక్టరులో మొక్కలకు నీడ లేదు. నడినెత్తి ఎండకు ముందు ఆకులు వాలాయి, తర్వాత కొమ్మలు వాలాయి. కూలీలకు కూడా మేం అన్నం పెట్టాం. వాళ్ళలో ఒక పెద్దాయన వాలు మీదికెళ్ళి చూసొచ్చి, విత్తనం పడ్డ నేలలో గడ్డపార దించడం మా ఇంటావంటా లేదని చెప్పి ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే ఎక్కారు.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు వచ్చారు. దూరం నుంచే జీపును చూసి, దొరికిందేదో వాగు ఒడ్డున పొదల్లో దాచేసి, ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చారు. వేట మాంసం కనిపిస్తే అదో కేసు. అందుకని మా నాన్నతో సహా మగవాళ్ళందరూ వరసగా నిలబడి పేడనీళ్ళు పోయించుకున్నారు. అంత మంది ఒక్కసారే తడవడం మా గూడెం ఎప్పుడూ చూడలేదు. రేంజర్ కూడా ఆపుకోలేక నవ్వాడు. నాన్న కారుతున్న చేతులతోనే తాడు దించాడు.

జీపు ఎక్కబోతున్న ఆయన ముందుకు అమ్మ వెళ్ళింది.

"చుట్టమై వచ్చిన్రు, చుట్టమై పోతున్రు. మంచిది," అంది. "ఈ ఏడు గింజ పడ్డది సారూ. గింజ పడ్డంక అది మా నేల. మళ్ళ వేరే తీరుగ వస్తే, అప్పుడు కట్టే తాడు పండుగ తాడు కాదు."

ఆయన దండ తీసి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కేసు రాలేదు. ఆ ఏడు జొన్న బాగా పండింది. గార్డును మాత్రం వానాకాలం దాటకముందే ఎక్కడికో బదిలీ చేశారు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి, అన్నం తిని, ఏ కోడినీ ముట్టుకోకుండా వెళ్ళాడు.

మరుసటి ఏడాది వేరే తీరుగానే వచ్చారు. వేరే రేంజర్, వెంట పోలీసులు. పండుగ లేదు, పాట లేదు. ఆడవాళ్ళు మళ్ళీ తాడు కట్టారు. తాడు కోసేసి, అమ్మను, మేనత్తను వ్యానులో ఎక్కించి స్టేషన్‌కు తీసుకెళ్ళారు. కబురు తెలిసి నేను ఖమ్మం నుంచి పడుతూ లేస్తూ వచ్చేసరికి వాళ్ళను వదిలేశారు, ఇద్దరూ నడిచి వస్తూ దారిలో ఎదురయ్యారు. అమ్మ మోకాళ్ళకు, చీరకు సిమెంటు దుమ్ము అంటుకుని ఉంది. చేను వదులుకుంటున్నట్టు వేలిముద్ర వెయ్యమన్నారట, వెయ్యలేదట. ముందు బెదిరించారట, తర్వాత మెత్తబడ్డారట. పెద్దదానివి, కింద ఎందుకు కూర్చుంటావని కుర్చీ తెప్పించి, టీ తెప్పించి, అమ్మా అని పిలిచారట.

మేనత్త టీ తాగిందట. అమ్మ తాగలేదు, నేల మీద నుంచి లేవలేదు. ఎందుకే, కాళ్ళ నొప్పులున్నదానివి, కుర్చీ వేస్తే కూర్చోవచ్చు కదా అని నేను కోప్పడ్డాను.

"నువ్వే గదా బిడ్డా చెప్పింది," అంది అమ్మ, చేను వైపు నడుస్తూనే. "కూసుంటే నేను సుల్తాన్నయితుంటి."